ఆపేసిన రోజు

నాలుగు రోజులుగా మా ఇంట్లో మా మేనల్లుడి ‘ఆపేసిన పోటీ’ తప్ప వేరే కబురు లేదు. హిమాచల్‌లో బీర్ అనే ఊరికి పారాగ్లైడింగ్ పోటీకి వెళ్లొచ్చాడు. (‘మావాడు బీరుకెళ్లాడు’ అని మా అక్క పర్చూరంతా చెప్పింది. పోయిన పరువు ఇంకా తిరిగి రాలేదు.) 2015లో ప్రపంచ కప్పు జరిగిన చోటట. బిల్లింగ్ కొండ మీంచి ఎగిరిన కాసేపటికే ఉరుముల మబ్బు లేచిందని టాస్క్ ఆపేశారు. ఆ మాత్రానికి వాడికి గారెలు, వచ్చేపోయేవాళ్ల అయ్యోపాపాలు!

ఆ వారమే మా మిర్చి కళ్లం మీదికీ మబ్బొచ్చింది. నాకెవరూ గారెలు వండలేదు.

అసలు మా వంశంలో ముందు ఎగిరింది నేను. ఈదురుగాలి లేవగానే కాయల మీద బరకం కప్పబోయాను. నాలుగు మూలలకు నలుగురుండాలి. ముగ్గురు వాన ఎప్పుడొస్తుందా అని ఫోన్లో చూస్తున్నారు. ఒక మూల నా చేతిలో, తక్కిన బరకం ఆకాశంలో. వదిలేయొచ్చుగా అంటారు. కొత్త బరకమండీ! ఒక చెప్పు కళ్లంలో, రెండోది పత్తి మోళ్లలో, నేను కంపచెట్లో తేలాం. మావాడికి హార్నెస్సూ, అదనంగా ఇంకో పారాచూటూ ఉంటాయట. నాకు లుంగీ ఉంది, అదీ సగం దాకే. లేచింది రెండడుగులని మా కౌలుదారు, మూడని నేను. తగాదా ఇంకా తెగలేదు.

“గాలికి వీపు పెట్టి బరకానికి ఎదురు నిలబడ్డావు చూడు మావయ్యా, దాన్నే రివర్స్ లాంచ్ అంటారు. మన నల్లరేగడి మీద వేడిగాలి బ్రహ్మాండంగా లేస్తుంది, గద్దలు చూడు రెక్కాడించకుండా ఎలా తిరుగుతాయో. కొండే లేదు గానీ...” అని మెచ్చుకున్నాడు.

“ఆపేస్తే మార్కులు పోయినట్టేనా?” అనడిగాను.

“తగినంత సేపు ఎగిరుంటే పోవు మావయ్యా. కొన్ని నిమిషాలు వెనక్కి లెక్కేసి, అప్పటికి ఎంత దూరం పోయామో అంతకీ ఇస్తారు.”

నాకు గారె గొంతు దిగలేదు.

మా కాయలు తొమ్మిది రోజులు ఎండాయి. పదో రోజు తడిశాయి. నిన్న గుంటూరు యార్డులో కొనే ఆయన టిక్కీలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజ చప్పుడు కాలేదు. తెల్లబడ్డ తొడిమ వైపు తిప్పి చూసి, “తాలు” అని మళ్లీ టిక్కీలోనే పడేశాడు. తొమ్మిది రోజుల సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి ఇంకో వాయి గారెలు దిగుతున్నాయి.