గ్రీన్ టిక్ చూసుకుని మురిసేటోళ్లకు

వేములవాడల ఏ జిరాక్సు దుకాణంలకు పోయినా, ఏ డీటీపీ సెంటర్ల కూసున్నా ఒకటే మాట. "కాకా, యాంటీవైరస్ మీద గ్రీన్ టిక్ ఉన్నది గదా, మళ్ల స్కాన్ ఎందుకు?" ఆ మాట ఇంటే నాకు ఒళ్లు మండుతది. రాజన్న దర్శనానికి వచ్చినోళ్లు ఆధార్ కాయిదాలు, పెళ్లి కార్డుల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల తెచ్చి ప్రింట్ తీయించుకుంటరు. రోజుకు ఎన్ని పెన్‌డ్రైవ్‌లు ఆ ఒక్క మిషన్‌కు తగులుతున్నయో ఎవలన్న సోయి పెట్టిండ్రా?

మా రోజులల్ల ఫైలు ఫైలుకు ఆపి చూసే ఈ యాంటీవైరస్ కాపలా ఎక్కడిది? 1986ల లాహోర్‌ల ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ వైరస్ ఫ్లాపీ బూట్ సెక్టర్లనే తిష్ఠ వేసేది. దాని తర్వాత ఆ జాతివి ఇంకెన్నో పుట్టి, ఫ్లాపీల మీద ఊరూరు తిరిగినయి. అందుకే శుభ్రమైన బూట్ ఫ్లాపీ ఒకటి వేరుగ దాచిపెట్టేటోళ్లం. దాని మూలకున్న చిన్న మీట జరిపి బొక్క కనవడేటట్టు చేస్తే ఇగ దాని మీద ఏదీ రాయరాదు. కంప్యూటర్ బంద్ చేసి, ఆ ఫ్లాపీతోనే లేపి, అప్పుడు హార్డ్ డిస్క్ మొత్తం స్కాన్ పెట్టేది. హార్డ్ డిస్క్‌తోని లేపితే వైరస్ స్కానర్ కంటే ముందే మెమరీల కూసుంటది, స్కానర్‌కు తప్పుడు జవాబు చెప్తది. స్కాన్ అయ్యేదాంక ఆగేటోళ్లం, చాయ్ చల్లారినా సరే.

ఇప్పటి రియల్ టైం ప్రొటెక్షన్‌ను నేను తక్కువ చేస్తలేను. ఫైలు తెరిచినప్పుడు, కాపీ చేసినప్పుడు, నడిపినప్పుడు ఆపి చూస్తది. కానీ చూసేది ఆ ఘడియలనే, ఆ ఘడియకు దానికి తెలిసినంత మేరకే. శివరాత్రి జాతర అనుకోండ్రి. గేటు కాడ పోలీసుల దగ్గర జేబుదొంగల ఫోటోలుంటయి. ఒక దొంగ ఇయ్యాల లోపలికి వచ్చిండు, వాని ఫోటో తెల్లారి వచ్చింది. వాడు అప్పటికే సత్రంల పండుకున్నడు. ఇగ గది గది తిరిగి చూడాల్సిందే. ఫుల్ స్కాన్ చేసే పని అదే. పోయిన వారం వచ్చి డౌన్‌లోడ్స్‌ల పడి ఉన్న ఫైలును ఈ వారం అప్డేట్‌తోని మళ్ల చూసి పట్టుకుంటది. జిప్ ఫైళ్ల సంగతీ అంతే. వచ్చిన ప్రతి జిప్‌ను విప్పుకుంట కూసుంటే మిషన్ ముందుకు నడువది గనుక, రియల్ టైం చాలాసార్లు మనం విప్పేదాంక ఆగుతది. ఫుల్ స్కాన్ లోపలికి పోయి చూస్తది. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ మాత్రం దానికీ అందది.

స్కాన్‌ల వైరస్ దొరికిందంటే కొంపలు మునిగినట్టు కాదు. ఎక్కడ దొరికిందో చూడాలె. విప్పని జిప్‌ల ఉంటే ఇంకా నడువలేదన్నట్టే. విండోస్‌తోపాటు లేచే జాగల ఉంటే మాత్రం నడిచినట్టే లెక్క. పాస్‌వర్డ్‌లన్నీ వేరే మిషన్ నుంచి మార్చాలె.

నడిచిన సంగతే తెల్వనియ్యని షార్ట్‌కట్ వైరస్ ఎరుకే గదా. పెన్‌డ్రైవ్‌ల అసలు ఫోల్డర్లను దాచి, అదే పేరు మీద షార్ట్‌కట్లు పెడ్తది. నొక్కితే వైరసూ నడుస్తది, ఫోల్డరూ తెరుచుకుంటది. పని అయింది గనుక ఎవలికీ అనుమానం రాదు.

అన్నిటికన్న కోపం వచ్చేది క్రాకుల ముచ్చటకు. తెలుగు డీటీపీకి వాడే అను ఫాంట్లు కొననీకె మనసొప్పది, ఎక్కడిదో క్రాక్ తెస్తరు. దాంతోని వచ్చే సూచనలల్ల మొదటి మాటే "యాంటీవైరస్ బంద్ పెట్టు" అని. లేకుంటే ఆ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్‌ల పెట్టుమంటది. అట్ల పెట్టిన ఫోల్డర్‌ను విండోస్‌ల ఉండే డిఫెండర్ రియల్ టైంల చూడది, స్కాన్‌ల కూడ చూడది. కాపలాదారుని కండ్లకు మనమే గంతలు కట్టి, మళ్ల గ్రీన్ టిక్ చూసుకుని మురుసుడు! ముందుగాల ఆ ఎక్స్‌క్లూజన్‌ల జాబితా తీసి తుడిచెయ్యండ్రి. అనుమానముంటే వేరే కంపెనీ స్కానర్ ఒకటి తెచ్చి ఒక్కసారి నడపండ్రి. రెండు రియల్ టైంలు ఒక్క మిషన్‌ల పొసగవు గని, అడిగినప్పుడే చూసే రెండో స్కానర్‌తోని ఏ ఇబ్బందీ లేదు.

మన దిక్కు ఎవలొస్తరు అంటరు. 2017 మేల వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి పైసలడిగేది) వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు చిక్కినయి, తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లు కొన్ని చిక్కినయి. దాన్ని ఆపే అప్డేట్ మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలనే పంపింది, పెట్టుకున్నోళ్లు బతికిండ్రు. 2019ల రెండు తెలుగు రాష్ట్రాల కరెంటు కంపెనీల మీద రాన్సమ్‌వేర్ పడ్డది, అందుల వరంగల్ కేంద్రంగ ఉన్న ఉత్తర డిస్కం ఒకటి. మనకు కరెంటు సిరిసిల్ల సహకార సంఘం సెస్ ఇస్తది గని, పక్కన కరీంనగర్, జగిత్యాలకు ఇచ్చేది ఆ డిస్కమే.

మా ఫ్లాపీ పద్ధతి ఇప్పుడు విండోస్‌లనే ఉన్నది. డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అంటరు. మిషన్‌ను మళ్ల లేపి, మామూలు విండోస్ లేవకముందే చూస్తది. పావుగంట పని. దాక్కునే రకాలు అప్పుడే దొరుకుతయి. ఫుల్ స్కాన్‌కు గంటలు పడ్తది, అందుకే గిరాకీ నడుమ వద్దు. సోమవారం రద్దీ తగ్గినంక మంగళవారం రాత్రి దుకాణం మూసేటప్పుడు పెట్టి పోండ్రి. పెట్టుడు రాకుంటే నన్ను పిలువుండ్రి, వచ్చి చూపిస్త.