రేకుల సౌధం

లాక్‌డౌన్‌లో వలస కూలీలు ఊళ్లకు కాలినడకన బయల్దేరాకగానీ వాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో ఢిల్లీకి అనుమానం రాలేదు. 2020లో అద్దె ఇళ్ల సముదాయాలన్నారు. 2024 బడ్జెట్‌లో ఫ్యాక్టరీ కార్మికులకు డార్మిటరీలన్నారు, అదీ ప్రైవేటు భాగస్వామ్యంతో. నిజానికి వలస కూలీకి కాంట్రాక్టరే వసతి చూపాలని 1979లోనే చట్టం చేశారు. చూపించాడు పాపం, రేకుల షెడ్డు! హైదరాబాద్ పడమట ఆకాశహర్మ్యాలు లేపుతున్న ఒడిశా, బిహార్ కూలీల్లో చాలామంది కాపురం అందులోనే. (మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద సంబంధిత ఫైలును కాసేపు పడుకోబెడితే లేచి పరుగెత్తేదేమో.) టవర్ పూర్తవగానే షెడ్డు పీకేసి, ఆ జాగాలో పెంపుడు కుక్కలకు పార్కు వేస్తారు. దానికి నీడ తప్పనిసరి, బ్రోచర్‌లో రాసిచ్చారు మరి!