పిల్లి పదడుగులు వేసిన ఆదివారం

కాలనీ పిల్లలతో ఒక రోజంతా కూర్చుని చిన్న చిన్న గేములు తయారు చేయిద్దామని ఎవరికైనా బుద్ధి పుడితే, ఆ మనిషికి ముందుగా రావాల్సింది కోడింగ్ కాదు, కరెంటు పని. కమ్యూనిటీ హాళ్లు కట్టేది సీమంతాలకూ సత్యనారాయణ వ్రతాలకూ. గోడకు రెండు ప్లగ్గులుంటాయి. ఒకటి మైకుసెట్టుది, రెండోది పనిచేయదు. ఇరవై ల్యాప్‌టాప్‌లు వస్తాయని చెప్పగానే అసోసియేషన్ సెక్రటరీ గారు “కామన్ మీటరు బిల్లు ఎవరు కడతారండీ?” అనే అడుగుతారు.

హైదరాబాద్ శివారులోని ఒక కాలనీలో ఈ పనికి పూనుకున్న కుర్రాడు ఐటీ ఉద్యోగి. ఆఫీసులో ఎక్కడో అమెరికాలో ఉన్న సర్వర్లను కూర్చున్నచోటి నుంచే నడిపిస్తాడు. ఆదివారం పొద్దున మాత్రం హాల్లో బోర్లా పడుకుని, ఇంటింటా అడిగి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సులకు ఫ్లాట్ నంబర్లు రాసి అతికిస్తూ కనిపించాడు. నంబరు లేని బాక్సు సాయంత్రానికి ఇద్దరిదవుతుందని వాళ్లమ్మ ముందే హెచ్చరించింది.

నెట్ సంగతి అతనికి తెలుసు. ఇంతమంది ఒకేసారి తెరిస్తే కాలనీ వైఫై చేతులెత్తేస్తుంది. అందుకే స్క్రాచ్ ఆఫ్‌లైన్ యాప్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు. స్క్రాచ్‌ను అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారు చేసి, 2007లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. అందులో కోడ్‌ను టైపు చేయనక్కర్లేదు, రంగురంగుల దిమ్మెలను మౌస్‌తో లాగి ఒకదాని కింద ఒకటి తగిలించడమే. తెరవగానే ఒక నారింజరంగు పిల్లి నిలబడి ఉంటుంది. పచ్చజెండా దిమ్మె కింద నడక దిమ్మె తగిలించి జెండా నొక్కితే పదడుగులు వేస్తుంది.

పదడుగుల పిల్లి కోసం ఎవరూ రాలేదు. ఏం గేము చేస్తావని అడిగితే, “ఫ్రీ ఫైర్ లాంటిదన్నా, మ్యాప్ మాత్రం ఇంకా పెద్దది” అన్నాడు అయిదో తరగతివాడు. ఇంకొకడికి కార్లు, హెలికాప్టర్లు, వెనక పోలీసులు కావాలి. టైము చూస్తే పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా, మధ్యలో పులిహోర.

గడువు పెట్టుకుని గేము తయారుచేసే పెద్దవాళ్ల గేమ్ జామ్‌ల్లోనూ తంతు ఇదే. 2002లో మొదలైన లూడమ్ డేర్, 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ మామూలుగా ఇస్తూ వచ్చిన గడువు 48 గంటలు. శుక్రవారం రాత్రి మహాభారతం తీయబోయినవాళ్లు ఆదివారం మధ్యాహ్నానికి ఒక బంతి, ఒక గోడ మిగిల్చుకుంటారు.

బంతి, గోడ తీసిపారేసేవేం కాదు. 1972లో అటారీ కంపెనీలో కొత్తగా చేరిన అలన్ ఆల్కార్న్‌కు చేయి తిరగాలని యజమాని నోలన్ బుష్నెల్ ఒక చిన్న పని అప్పజెప్పాడు. తెర మీద బంతి, రెండు బ్యాట్లు, స్కోరు. ఉత్సాహంగా చేస్తాడని, ఇది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆర్డరంటూ ఒక అబద్ధం కూడా చెప్పాడు. ఆల్కార్న్ చేసిన సర్క్యూట్లో లోపం వల్ల బ్యాటు తెర పైఅంచుదాకా వెళ్లదు. బాగుచేయబోయి, ఆ సందు లేకపోతే ఆట ఎప్పటికీ తెమలదని గ్రహించి వదిలేశాడు. అదే పాంగ్. సన్నీవేల్‌లోని ఒక బార్లో పెట్టిన కొన్నాళ్లకు మిషను ఆగిపోయిందని కబురొస్తే వెళ్లి తెరిచి చూశాడు. డబ్బాలో చిల్లర పట్టక పొంగిపోయింది!

మన హాల్లో తప్పులకు కొదవే లేదు. అంచు తగిలితే వెనక్కి తిరగాలనే దిమ్మె పెట్టగానే హాలంతా పిల్లులు తలకిందులయ్యాయి. స్క్రాచ్ పిల్లికి కుడి ఎడమలకే తిరగమని విడిగా చెప్పాలి. లేకపోతే గుండ్రంగా తిరిగి, వెనక్కి వచ్చేటప్పుడు కాళ్లు పైకెత్తుకుని నడుస్తుంది. ఈ విషయం చెప్పబోతే ఇద్దరు పిల్లలు వద్దన్నారు. వాళ్ల పిల్లులు గబ్బిలాలట.

ఏడో తరగతి అమ్మాయి మామిడికాయలు పట్టే గేము చేసింది. కాయ బుట్టకు తగిలితే ఒక పాయింటు. మొదటి కాయ పడగానే స్కోరు పదిహేడు! తగిలిందా తగిలిందా అని కంప్యూటరు సెకనుకు ముప్ఫైసార్లు చూస్తుంది. కాయ బుట్టకు ఆనుకుని ఉన్నంతసేపూ పాయింట్లు పడుతూనే ఉంటాయి. తగిలిన వెంటనే కాయను మళ్లీ పైకి పంపెయ్యమని నిర్వాహకుడు చెబితే ఆ అమ్మాయి ఆలోచించి, “పదిహేడే బాగుందన్నా” అంది. కాదనడానికి అతని దగ్గర కారణం లేకపోయింది. తప్పును అలాగే ఉంచేసుకున్నవాళ్లు పెద్దల్లోనూ ఉన్నారు. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ గేములో శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్లు వేగం అందుకునేవారు. గీయాల్సిన బొమ్మలు తగ్గేసరికి పాత ప్రాసెసరుకు ఊపిరాడింది, అంతే. ఉత్కంఠగా ఉందని ఆ గేము చేసిన తోమోహిరో నిషికడో దాన్ని అలాగే ఉంచేశాడు.

మధ్యాహ్నం తల్లిదండ్రులు వచ్చారు. ఒక తండ్రి చేతులు కట్టుకుని నిలబడి, “దీనివల్ల ముందుముందు ప్యాకేజీ ఏమైనా ఉంటుందా?” అన్నాడు. నిర్వాహకుడు ఫ్లాపీ బర్డ్ అనే గేము కథ ఎత్తుకున్నాడు. వియత్నాం కుర్రాడు డాంగ్ గుయెన్ దాన్ని రెండు మూడు రోజుల్లో చేశానన్నాడు. రోజుకు 50,000 డాలర్ల ప్రకటనల ఆదాయమని వార్తలొచ్చాయి. 2014 ఫిబ్రవరిలో ఇక భరించలేనంటూ తనే తీసేశాడు. తండ్రికి కథలో మధ్య వాక్యం ఒక్కటే వినిపించింది. కుర్చీ లాక్కుని కొడుకు పక్కన కూర్చున్నాడు.

కొడుకు చేస్తున్నది అష్టాచెమ్మా. 1, 2, 3, 4 (చెమ్మా), 8 (అష్టా) అంకెల్లో ఏదో ఒకటి పడేలా దిమ్మె పెట్టాడు. వెనక నుంచి చూస్తున్న నానమ్మ ఊరుకోలేదు. “ఇవేం గవ్వలురా? మాటిమాటికీ అష్టాలు పడతాయా?” ఆవిడ లెక్క కరెక్టు. వాడి కోడ్‌లో అయిదింట ఒకసారి అష్టా. నాలుగు గవ్వలు విసిరితే వచ్చే పదహారు తీర్లలో అష్టా ఒకటే, చెమ్మా ఒకటే. రెండు పడే తీర్లు మాత్రం ఆరు. వాడు విప్పి మళ్లీ కట్టాడు. ఒక్కో గవ్వకు సున్నా నుంచి ఒకటి దాకా ఏదో ఒకటి, నాలుగూ కలుపు, మొత్తం సున్నా అయితే ఎనిమిది. నిజం గవ్వ బొర్రగా ఉంటుంది గనక సగం సగం పడదని ఆవిడ ఇంకో అభ్యంతరం చెప్పింది. తర్వాత చెమ్మా అష్టాలకు ఇంకో ఆట, కాయను చంపితే ఇంకో ఆట, ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి రానివ్వకూడదు అంటూ వరస పెట్టింది. పని సగంలో ఉండగా రూల్సు పెంచుకుంటూ పోయే క్లయింటును నిర్వాహకుడు ఆదివారం కూడా చూడాల్సి వచ్చింది.

నాలుగయ్యేసరికి గవ్వలు తయారు. పటం లేదు, కాయలు లేవు. నానమ్మ సుద్దముక్క తెప్పించి హాలు నేల మీద అయిదు గళ్లు అడ్డం, అయిదు నిలువు గీసి, చింతగింజలు, పుల్లలు పెట్టించి, ల్యాప్‌టాప్‌ను మధ్యలో కూర్చోబెట్టింది. పందెం వేయాలంటే స్పేస్‌బార్ నొక్కాలి.

ప్యాకేజీ తండ్రి కాయలు రెండు వరసగా చచ్చాయి. కోడ్ చూపించమన్నాడు. దిమ్మెల మీద వేలుపెట్టి ఒక్కొక్కటే చదివాడు, తప్పు దొరకలేదు. గొంతు తగ్గించి కొడుకును అడిగాడు: “ఒరేయ్, నా వంతు వచ్చినప్పుడు ఆ సున్నా తీసి ఒకటి పెడితే ప్రతిసారీ చెమ్మానే కదా?”

కొడుకు జవాబు చెప్పేలోపే నానమ్మ ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పేసుకుంది.