గోడకు ఫ్రేము, జీతానికి కోత

మాస్తి నుంచి మాలూరు మీదుగా కోలారు దాకా బస్సు కిటికీ పక్కన కూర్చుని రండి. పెంకుల ఫ్యాక్టరీ గేటు మీద ఐఎస్‌ఓ. ట్యుటోరియల్ బోర్డు మీద ఐఎస్‌ఓ. నర్సింగ్ హోము మీద ఐఎస్‌ఓ. రేపో మాపో బ్రాందీ షాపుకూ వస్తుంది, దిగులు పడకండి. అంతర్జాతీయ ప్రమాణాలు మన దగ్గర వేపచెట్ల కంటే దట్టంగా పెరుగుతున్నాయి. బస్సు దిగి నడుద్దామంటే ఫుట్‌పాత్ ఒక్కటే కనిపించదు.

ముందు ఒక చిన్న సంగతి. ఐఎస్‌ఓ అనే సంస్థ జెనీవాలో ఉంది. 1947 నుంచీ ఉంది. అది ప్రమాణాలు రాస్తుంది. అంతే. ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. మా లోగో మీ బోర్డుల మీద వేసుకోకండి మహాప్రభో అని మొత్తుకుంటుంది కూడా. మరి ఇచ్చేదెవరు? ప్రైవేటు సర్టిఫికేషన్ సంస్థలు. వాటి మీద ఓ కన్నేసి ఉంచడానికి క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో ఎన్‌ఏబీసీబీ అనే బోర్డు ఉంది. ఏ గుర్తింపూ లేకుండా సర్టిఫికెట్లు అచ్చుగుద్దే దుకాణాలూ ఉన్నాయి. వాళ్లకు ఫోన్ చేసి చూడండి. "ఎన్ని రోజుల్లో కావాలి సార్?" అంటారు. మీరు చేసేది ఏమిటో, ఎలా చేస్తారో అడిగితే ఒట్టు.

గుర్తింపు ఉన్నవాళ్ల దగ్గరైనా కథ ఎంత మారుతుంది? పరీక్ష పెట్టేవాడికి ఫీజు కట్టేది పరీక్ష రాసేవాడే. ఫెయిల్ చేస్తే వచ్చే ఏడాది ఆ ఫీజు ఇంకొకడి జేబులోకి పోతుంది. ఎవడు ఫెయిల్ చేస్తాడప్పా? సలహా ఇచ్చిన సంస్థే సర్టిఫికెట్ ఇవ్వకూడదని నిబంధన ఉంది, కాదనను. అందుకేగా కన్సల్టెంటు బావ, ఆడిటర్ బావమరిది!

కన్సల్టెంటు వస్తాడు. పెన్‌డ్రైవులో క్వాలిటీ మాన్యువల్ తెస్తాడు. పాత కంపెనీ పేరు తీసి కొత్త కంపెనీ పేరు పెడతాడు. ఎక్కడో ఓ పేజీలో పాత పేరు మిగిలిపోతుంది. ఇటుకల బట్టీ మాన్యువల్లో రొయ్యల శీతల గిడ్డంగి ఉష్ణోగ్రత గురించి ఒక పేరా ఉంటుంది. ఎవరు చదువుతారు? చదవడానికా అది? బీరువాలో పెట్టడానికి.

ఇక ఆడిట్ ముందురోజు. ఆ వైభోగం చూసి తీరాలి. ఏడాదిగా ఖాళీగా వేలాడిన ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోకి అయోడిన్ సీసా, దూది వచ్చి చేరతాయి. మంటలార్పే సిలిండరుకు కొత్త తేదీ స్టిక్కరు పడుతుంది. లోపల గ్యాస్ సంగతి దేవుడికెరుక. గుమాస్తా మూడు రంగుల పెన్నులు ముందేసుకుని ఆరు నెలల రిజిస్టరు ఒక్క రాత్రిలో నింపుతాడు. ఒకే పెన్నుతో రాస్తే అనుమానం వస్తుందిగా! జరగని మేనేజ్‌మెంట్ మీటింగుకు మినిట్స్ పుడతాయి. అందులో ఎండీగారు తీవ్ర ఆందోళన కూడా వ్యక్తం చేస్తారు. హెల్మెట్లు పంచుతారు, సాయంత్రానికి లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు. కాంట్రాక్టు లేబరుకు ఆ రోజు సెలవు. జీతం లేని సెలవు.

మరునాడు ఆడిటర్ దొర దిగుతాడు. ఏసీ గదిలో ఫైళ్లు. మధ్యలో జీడిపప్పు, బిస్కెట్లు. ఫ్యాక్టరీలో ఓ చుట్టు. మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రం తీర్పు: రెండు చిన్న లోపాలు. ఒకటి, ఓ ఫైలుకు నంబరు లేదు. రెండు, ఓ డస్ట్‌బిన్ మీద పేరు లేదు. దిద్దుబాటు చర్య? "సిబ్బందికి శిక్షణ ఇచ్చితిమి." చప్పట్లు. గ్రూప్ ఫొటో. మూడేళ్లకు సరిపడా నాణ్యత గోడెక్కింది.

ఇందులో ప్రమాణం తప్పేమీ లేదు, అదే అసలు మంట. నాణ్యతా నిర్వహణ ప్రమాణం ఐఎస్‌ఓ 9001లో 5.2 అంశం తీసి చూడండి. నాణ్యతా విధానం సంస్థలో పనిచేసేవాళ్లకు అర్థం కావాలి అంటుంది. మన దగ్గర అది బంగారు ఫ్రేములో, వంకర తిరిగిన ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగూ కన్నడమూ మాత్రమే చదవగల మనిషి తలమీద వేలాడుతుంది. 2018లో వచ్చిన ఐఎస్‌ఓ 45001 తీయండి. పనిచేసే చోట భద్రత గురించి కార్మికులను సంప్రదించాలి, వాళ్లకు భాగస్వామ్యం ఇవ్వాలి అంటుంది. సంప్రదించారా? సంతకం పెట్టించుకున్నారు. ఖాళీ కాగితం మీద.

"ఇవన్నీ చిల్లర కంపెనీల వేషాలండీ, పెద్దవాళ్లు అలా కాదు" అంటారా? సరే, పెద్దవాళ్ల దగ్గరికే పోదాం. దూరం కూడా కాదు. మన కోలారు జిల్లాలోని నరసాపుర.

2020 డిసెంబరు 12. తెల్లవారుజాము. ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగిన పిల్లలు అద్దాలు పగలగొట్టారు. 12 గంటల షిఫ్టులు చేయించుకున్నారు, ఓవర్‌టైమ్ (ఓటీ) కట్టలేదు, చెప్పిన జీతం ఒకటి ఖాతాలో పడింది ఇంకొకటి అని వాళ్ల గోడు. 21 వేలని చెప్పిన ఇంజినీరు కుర్రాడికి 16 వేలు, ఆనక 12 వేలు వచ్చాయని పత్రికలు రాశాయి. అంత ఖరీదైన ఫోను బిగించే చేతికి! పోలీసులు వందమందికి పైగా కుర్రాళ్లను లోపలేశారు. చురుకుదనం అంటే అదీ.

పోలీసులకు కంపెనీ ఇచ్చిన ఫిర్యాదులో నష్టం 437 కోట్లు. తర్వాత కంపెనీయే దిగివచ్చి 26 నుంచి 52 కోట్లంది. లెక్కలో ఇంత తేడా వస్తే కిరాణా కొట్టు సాహుకారు గుమాస్తాను ఆ పూటే పంపేస్తాడు. కర్ణాటక కర్మాగారాల శాఖ అప్పుడు లోపలికెళ్లి చూసింది. ఐదు వేల మంది ఉండాల్సిన చోట కొద్దికాలంలోనే పది వేలు దాటారని, హాజరు లెక్కలు, జీతాల లెక్కలు గందరగోళమని తేల్చింది. అంతకు ముందు ఎక్కడికెళ్లిందో ఆ శాఖ? అద్దాలు పగిలితే గానీ లోపల ఏముందో కనబడదా? సరఫరాదారులకు ఆచరణ నియమావళి రాసి, ఆడిట్ల మీద ఆడిట్లు చేస్తామని చెప్పుకొనే ఆపిల్ కంపెనీకి కూడా జీతం ఆలస్యమైన సంగతి రాళ్లు పడ్డాకే తెలిసింది. వారం తిరిగేసరికి విస్ట్రాన్‌ను ప్రొబేషన్‌లో పెట్టింది. విస్ట్రాన్ క్షమాపణ చెప్పి, ఇండియా వ్యవహారాలు చూసే ఉపాధ్యక్షుణ్ని తప్పించింది. 2023లో ఫ్యాక్టరీ టాటాల చేతికి వెళ్లింది. ఇన్ని ఆడిట్లు పట్టుకోలేని తప్పును ఒక్క రాత్రి షిఫ్టు పట్టుకుంది.

తెలుగువాళ్లం, మన సత్యాన్ని మరిచిపోతామా? సత్యం కంప్యూటర్స్ 2001లో తన భుజం తానే తట్టుకుంది: బీవీక్యూఐ అనే సర్టిఫికేషన్ సంస్థ నుంచి ఐఎస్‌ఓ 9001:2000 పొందిన ప్రపంచంలోనే మొదటి కంపెనీ మాదేనని. 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు. నాలుగు నెలలు తిరిగేసరికి, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు గారి ఉత్తరం. ఖాతాలో ఐదు వేల కోట్లకు పైగా లేని డబ్బు. బంగారు నెమలి ఎగిరిపోయింది. "ఐఎస్‌ఓ లెక్కలు చూడదండీ, పద్ధతి చూస్తుంది" అంటారు పెద్దమనుషులు. నిజమే. పద్ధతికి లోటేముంది? వేల దొంగ ఇన్వాయిస్‌లు కంపెనీ సొంత బిల్లింగ్ వ్యవస్థలోంచే పుట్టాయని సీబీఐ చెప్పింది. శుభ్రంగా, నంబర్లతో సహా.

నవ్వు ఆగిపోయే చోటు ఒకటుంది. కరాచీ. అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ దక్కింది. కార్మికుల హక్కులకు, భద్రతకు అది అంతర్జాతీయ ప్రమాణం. మూడు వారాలకు, సెప్టెంబరు 11న, ఫ్యాక్టరీ తగలబడింది. 250 మందికి పైగా పోయారు. నిప్పు పెట్టినవాళ్లు వేరే అని కోర్టు తర్వాత తేల్చింది. సరే. తలుపులకు తాళం ఎవరు వేశారు? కిటికీలకు ఊచలు ఎవరు బిగించారు? సర్టిఫికెట్ మీద సంతకం చేసిన ఇటలీ సంస్థ మనుషులు కాదు, వాళ్ల తరఫున స్థానిక ఏజెన్సీ వెళ్లి చూసి వచ్చిందట. ఏం చూసిందో!

మళ్లీ మన జిల్లాకే వద్దాం. కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) 2001లో మూతపడ్డాయి. మూడు కిలోమీటర్ల లోతున మనిషిని దించి తవ్వించిన కేంద్ర ప్రభుత్వ కంపెనీ, పైన సైనైడ్ దిబ్బలు వదిలేసి తాళం వేసుకుంది. గాలి లేస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి. పర్యావరణ నిర్వహణకు ఐఎస్‌ఓ 14001 అని ఒక ప్రమాణం 1996లోనే వచ్చింది. ఆ దిబ్బల కింద బతికేవాళ్ల తరఫున దానికి దరఖాస్తు ఎవరు పెట్టాలి? ఫీజు కట్టే నాథుడు లేడుగా, లోపమూ ఉండదు.

అన్నట్టు, చిన్న పరిశ్రమలు ఐఎస్‌ఓ తెచ్చుకుంటే ఖర్చులో 75 శాతం, 75 వేల రూపాయల దాకా తిరిగిస్తామని కేంద్రం 1994లోనే పథకం పెట్టింది. కాగితానికి సబ్సిడీ! ఎగ్గొట్టిన ఓటీ తిరిగి ఇప్పించే పథకం ఏ శాఖలో ఉందో ఎవరైనా చెబుతారా?

ఆడిటర్ గారూ, ఈసారి వచ్చినప్పుడు ఏసీ గదిలోకి వెళ్లకముందే షిఫ్టు మారే వేళకు గేటు దగ్గర నిలబడండి. బయటికొచ్చే కాంట్రాక్టు కుర్రాణ్ని ఆపండి. మూడు నెలల జీతం చీటీలు చూపించమనండి. అతని భాషలో అడగండి. సూపర్‌వైజరును పది గజాల దూరంలో నిలబెట్టండి. పావుగంట పని. అందుకు ఏ క్లాజూ అడ్డం రాదు.

మీరు నిలబడరని మాకు తెలుసు. బిర్యానీ చల్లారిపోతుందిగా.