ఫైలుకు వాలు లేదు

2019 సెప్టెంబరులో కుందూ పొంగినప్పుడు మా పెద్దముడియం మండలంలో ఏటి ఒడ్డు ఊళ్ళలోకి నీళ్ళు వచ్చినాయి. కుందూ దరఖాస్తు పెట్టలేదు, చలానా కట్టలేదు, ప్లాను నకళ్ళు మూడు కాపీలు జత చేయలేదు. నేరుగా వాకిట్లోకి వచ్చి, వంటింట్లో కూచుని, బుద్ధి పుట్టినప్పుడు లేచిపోయింది. నా ఎరుకలో మా పక్క ఫీజు లేకుండా దొరికిన డ్రైనేజీ కనెక్షన్ అదొక్కటే. అదైనా ఏటి నుంచి ఇంట్లోకి.

ఇంట్లోంచి బయటికి పోవాల్సిన నీళ్ళ కథ వేరు. మాది నల్లరేగడి. శనగకు దేవుడిచ్చిన నేల, ఇంకుడు గుంతకు దయ్యమిచ్చిన నేల. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలిస్తుంది, ఒక వాన పడితే జిగట ముద్దవుతుంది, పట్టుకున్న నీళ్ళను కిందికి దించదు. ఇంజనీర్లు గీసిన పటంలో గుంత చక్కగా ఇంకుతుంది. మా దొడ్లో అదే గుంత నిండి, పక్కింటోళ్ళ దొడ్లోకి పోయి, అక్కణ్ణుంచి పంచాయితీకి పోతుంది.

ఆ పంచాయితీలు పడలేకనే మా బావమరిది శనగలమ్మిన దుడ్లతో ఒక పట్నంలో ఇల్లు కట్టినాడు. ఆ పట్నం పేరు చెప్పను. చెబితే రేపు కుళాయికి మళ్ళీ అదే బల్ల ముందర నిలబడాల. స్థలం కొనేటప్పుడే వాడు వీధిలో మ్యాన్‌హోల్ మూత చూసి మురిసిపోయినాడు. "బావా, ఇంటి ముందరే మూత ఉంది. ఎనిమిదడుగుల పైపేస్తే సరిపాయ" అన్నాడు. పేపర్లో రాసేవాణ్ణి పక్కనుంటే పని తొందరగా అవుతుందని నన్నూ వెంటబెట్టుకుపోయినాడు. అది వాడు చేసిన మొదటి తప్పు.

బల్ల వెనకాయన మా కాగితాలు తిరగేసి, "ప్లానులో సెప్టిక్ ట్యాంకు చూపించినారు కదా, మళ్ళా కనెక్షన్ ఎందుకు?" అన్నాడు.

"కనెక్షన్ ఇస్తే ట్యాంకు ఎందుకు సార్?"

"ట్యాంకు చూపించకుంటే ప్లాను ఎట్లొచ్చేది?"

"అయితే ట్యాంకు తీసేస్తాం సార్."

"తీసేస్తే ప్లానుకు విరుద్ధంగా కట్టినట్టు. దానికి జరిమానా వేరే."

మా వాడు నా మొహం చూసినాడు. నేను గోడ మీద స్వచ్ఛత పోస్టరు చూస్తున్నా.

తర్వాత నివాస ధ్రువీకరణ అడిగినాడు. చాళుక్యుల మూలపురుషుడు పుట్టినట్టు శాసనాలు చెప్పే ముడివేము అగ్రహారం మా పెద్దముడియమేనని చరిత్రకారులంటారు. రాజు చచ్చి, నిండు చూలాలైన రాణి ఆ అగ్రహారానికి చేరితే విష్ణుభట్ట సోమయాజి కడుపులో పెట్టుకుని కాపాడినాడు. ఆయన ఆరోజు ఆమెను నివాస ధ్రువీకరణ అడిగింటే దక్షిణాది చరిత్రలో కొన్ని వందల ఏళ్ళు పెండింగులో పడిపోయేవి.

ఇక ఫీజులు. డిపాజిట్ అన్నారు, కనెక్షన్ చార్జీ అన్నారు, రోడ్డు కటింగ్ చార్జీ అన్నారు. ఈ రోడ్డు కటింగ్ మంచి రుచిగల మాట. రోడ్డు తవ్వేది మన కూలీ, తవ్వినందుకు దుడ్లు కట్టేది మనం, పూడ్చేది ఎవరో చలానాలో లేదు. మా చెల్లెలు, అంటే మా వాడి పెండ్లాం, ప్రొద్దుటూరులో ముచ్చటపడి చేయించుకున్న గాజులు జమ్మలమడుగులో కుదువకు పోయినాయి. ఎనిమిదడుగుల పైపుకు అంత బంగారం పట్టింది.

మా మేస్త్రీ బడికి పోయినోడు కాదు గానీ శాస్త్రం తెలిసినోడు. ఆఫీసు మెట్ల మీద బీడీ ముట్టించి ఒక మాట చెప్పినాడు: "అన్నా, మురుక్కు వాలు చాలు. నాలుగించుల పైపుకు అరవై అడుగులకు ఒకడుగు వాలిస్తే దానంతటదే పోతాది. ఫైలట్ల కాదు. కింది బల్ల నుంచి పై బల్లకు ఎక్కాల. ఎదురు వాలు. తోసేటోడు లేకుంటే ఎనక్కొచ్చి నీ కాళ్ళకాడనే నిలుస్తాది."

తోసేదాని గురించి చట్టం తెలుసుకోండి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించినాక లంచమిచ్చినోడూ నేరస్తుడే, శిక్ష ఏడేళ్ళ దాకా. బలవంతం మీద ఇచ్చినోడు ఏడు రోజుల్లోపల ఫిర్యాదు చేస్తే బయటపడతాడు. ఏడు రోజులంట! మా ఫైలు ఏడు రోజుల్లో ఒక సొరుగులోంచి బయటికి రాలేదు.

మా వాడికి తెలియని సంగతి ఇంకోటుంది. డ్రైనేజీకి వాడు అప్పటికే దుడ్లు కడుతున్నాడు. 1965 నాటి మన మున్సిపాలిటీల చట్టం ఇంటిపన్నులో ఏమేమి కలిసి ఉంటాయో చెప్పింది: సాధారణ పన్ను, నీళ్ళు-డ్రైనేజీ పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను. చెత్తకు 2021లో వేరుగా పన్ను పెడితే ఊరూరా తిట్టినారు, ప్రభుత్వం మారినాక 2024లో అది పోయింది. డ్రైనేజీ పన్ను అంత తెలివితక్కువది కాదు. ఇంటిపన్ను చొక్కా లోపల బనీను మాదిరి దాక్కుంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో వీధిలో మురుగు నిలిపినోడికి కాలు పణం జరిమానా, రాజమార్గంలో అయితే రెండింతలు. ఆ లెక్క ఈ రోజు పెడితే ఎవరెవరికి కట్టాల్నో పంచడానికే ఒక కార్పొరేషన్ కావాల.

హైదరాబాదును చూసి ఓదార్చుకుందామనుకున్నా. 1908 సెప్టెంబరులో మూసీ ఊరును ముంచింది. మరుసటేడు విశ్వేశ్వరయ్య వచ్చినాడు. నగరానికి భూగర్భ మురుగు వ్యవస్థ వచ్చేసరికి 1931. వరద నుంచి పైపు దాకా 23 ఏళ్ళు, అదీ నిజాం తలుచుకుంటే. మా కుందూ వరద 2019ది. కూడికలొచ్చినోళ్ళు కూడుకోండి: 2042.

మా వాడి కనెక్షన్ అంతకంటే ముందే వచ్చింది, అబద్ధమెందుకు. మంజూరు కాగితాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటం పక్కన తగిలించినాడు. పైపు కలిపినారు, టెంకాయ కొట్టినారు. మూడో రోజు మ్యాన్‌హోల్ పూడింది.

"మనిషిని దింపితే గంటలో పని" అన్నారొకరు. ఇక్కడ నాకు నవ్వు రాలేదు. అట్ల దింపడం నేరమని 2013లో చట్టమొచ్చింది. మురుగు గుంతలో చచ్చినోళ్ళ కుటుంబానికి 10 లక్షలియ్యాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని మాన్పించడానికే బతుకంతా తిరుగుతున్నాడు. 2016లో ఆయనకు మెగసెసే ఇచ్చినారు. మా చలానాలో రోడ్డుకు గీత పెడితే రేటుంది, కాగితానికి రేటుంది. లోపలికి దిగే మనిషికి వరసే లేదు. వాడి రేటు కోర్టు చెప్పాల, అదీ చచ్చినాక. మా బావమరిది "మిషనొచ్చేదాకా ఆగుతాం" అన్నాడు. ఈ మొత్తం కథలో వాడు చేసిన ఒప్పు అది.

మిషనొచ్చింది, పూడిక తీసింది. అప్పుడు మేస్త్రీ లెవెల్ గొట్టం పట్టి చూసి తల గోక్కున్నాడు. మా వాడు ఇల్లు కట్టినాక వీధిలో పాత సిమెంటు రోడ్డు మీదనే కొత్త సిమెంటు రోడ్డు పోసినారు. దాంతోపాటు మ్యాన్‌హోలునూ ఎత్తినారు, లోపల పాత అడుగును పూడ్చి కొత్త అడుగు పోసినారు. ఇప్పుడు ఆ కొత్త అడుగు వాడి స్నానాలగది కంటే జానెడు ఎత్తులో ఉంది. వాన పడిన రాత్రి వీధిలో నలభై ఇండ్ల మురుగు, సకల అనుమతులతో, రసీదులతో, వాడి ఇంట్లోకి వచ్చింది. కుందూ మాదిరే.

కనెక్షన్ రద్దు చేయమంటే దానికీ దరఖాస్తుంది, ఇంటిపన్ను బకాయి ఉండకూడదు. మా వాడు పైపు నోట్లో గోనెసంచి కుక్కి, పాత సెప్టిక్ ట్యాంకునే వాడుకుంటున్నాడు, నిండితే ట్యాంకరును పిలిపిస్తున్నాడు. గాజులు ఇంకా జమ్మలమడుగులోనే ఉన్నాయి. డ్రైనేజీ పన్ను బనీనులో అట్లనే ఉంది. మీరూ కట్టండి, గడువులు జూన్ 30, డిసెంబరు 31. దాటితే నెలకు 2 శాతం వడ్డీ.