కొమ్మ కొట్టడం ఎవరికి తెలుసిప్పుడు

మా మనవడు అమెరికా నుంచి ఫోన్ చేసి ఓ వింత చెప్పాడు. అక్కడ అడవుల్లో చెట్టుని సగానికి పైగా కోసి నేలకి వంచుతారట. ఒక పక్క బెరడు అతుక్కునే ఉంటుంది గనక చెట్టు బతికే ఉంటుంది, చిగురు జింకల నోటికందుతుంది. పైన ఖాళీ పడి ఎండ దిగితే అడుగున మేత మొలుస్తుంది. “బానే ఉందిరా, ఇందులో వింతేముంది?” అన్నాను.

మా పెదపారుపూడిలో అడవెక్కడిది, అంతా వరి మాగాణే. అయినా మా రోజుల్లో కాలవ గట్టున రేగుచెట్లుండేవి. ఎండాకాలంలో ఆకు రాలి చెట్టు నిద్రపోతున్నప్పుడు పాత కొమ్మలన్నీ కొట్టేవాళ్ళం. రేగు కాసేది ఆ ఏడు వేసిన కొత్త రెమ్మ మీదే. కొట్టకపోతే ముళ్ళు పెరుగుతాయి, కాయ చిక్కిపోతుంది. మా నాన్న ఏటవాలుగా వేటు వేసేవాడు, తెగినచోట నీరు నిలవకుండా, బెరడు చీలకుండా. కంప దొడ్డికి కంచె అయ్యేది. తొలకరికి చిగురు, వానలు వెనకబట్టేసరికి పూత, పుష్యానికి పళ్లు. భోగికి పిల్లలకి సరిపడా కోసుకున్నాక, “ఇంక చెట్టు దులపొద్దు” అని కేకలేసేవాడు. మిగిలినవి చిలకలకి, పిగిలిపిట్టలకి. రాలినవి రాత్రిపూట నక్కలు తినేవి. వాటి పుణ్యాన గట్టు పొడుగునా కొత్త మొక్కలు లేచేవి, ఎవరూ నాటకుండానే.

ఇప్పుడు? చెట్టు పడగొట్టాలంటే అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. మంచిదే, కాదనను. కాని కొమ్మ కొట్టడానికీ చెట్టు కూల్చడానికీ తేడా తెలిసినవాళ్ళేరీ? ముసలాడు కత్తి పడితే ఫొటో తీస్తారు. చేపల చెరువు గట్టు వెడల్పు చేయాలని పొక్లెయిన్‌తో వేళ్ళతో సహా పెకలిస్తే అభివృద్ధి అంటారు. పైగా ఆ చెరువు మీద పిట్ట వాలకుండా దారాలు కడతారు.

కత్తిరింపులు మానేశారనుకునేరు, అదీ లేదు. రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ చెట్లని మాటిమాటికీ గుండ్రంగా కత్తిరిస్తారు, క్షవరం చేసినట్టు. దానికి పిట్ట తినే పండు ఒక్కటీ రాదు. అంత శ్రమా దేనికో నాకు అర్థం కాదు.

మొన్న భోగికి మునిమనవరాలికి పోద్దామని గుడివాడ నుంచి రేగుపళ్లు తెప్పించాం. యాపిల్ రేగట, ఒక్కోటీ కోడిగుడ్డంత. రెండు నెత్తిన పడేసరికి పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. మిగతావి చక్రాల్లా కోసి పోశారు.