“ఇంకొక్కటి వేయించుకోండి” — సటీకము

మూలము: “అబ్బే, మీరేమీ తినలేదు; ఇంకొక్కటి వేయించుకోండి.”

అవతారిక: అరటియాకులు కొనలు ఎడమకు వచ్చునట్లు పఱచుటయు, ముద్దపప్పుపై నేయి జాఱుటయు విందునకు పూర్వరంగము మాత్రమే. పులుసును దాటి, చారును దాటి, పంక్తి యంతయు పెరుగునకై యెదురుచూచుచు నడుము సడలించుకొను ఘడియలో, గారెల పళ్లెము చేతబట్టి యిల్లాలు పలుకు ఈ వాక్యమునందే గృహస్థుని కీర్తి నిలుచునో కూలునో తేలును గనుక దీనిని వ్యాఖ్యానింప బూనితిని.

టీక: అబ్బే = నిషేధార్థకమగు అవ్యయము; అతిథి నోరు విప్పకమున్నే ఆతడు చెప్పబోవుదానిని నిషేధించునది. మీరు = ఏకవ్యక్తియందు గౌరవార్థమున బహువచనము; కొందఱి యాకులను జూచినచో సంఖ్యార్థమే సమంజసమని తోచును. ఏమీ = ఏడు గారెలును, రెండు బొబ్బట్లును, మూడు మాఱులు పులిహోరయు. తినలేదు = తింటిరి; ఇది విపరీతలక్షణ. ఇంకొక్కటి = ఇంక + ఒక్కటి, అత్వసంధి. ఈ సంధి బహుళమని చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున సెలవిచ్చియున్నాడు. పలుకులో ఒకటియై, చేతిలో రెండై, ఆకులో మూడగుట ఆ బాహుళ్యమునకు లక్ష్యము. వేయించుకోండి = ఇందు ప్రేరణార్థకమగు ‘ఇంచు’ను, ఆత్మార్థకమగు ‘కొను’ను గలవు. “వేసెదను” అని యుండిన భారము వడ్డించినవారిదగును. “వేయించుకోండి” యనుటచే ప్రేరకుడును, ఫలభోక్తయు అతిథియే యగుచున్నాడు. రాత్రి కడుపు నొచ్చినచో ఆ యిల్లాలిని నిందించుటకు వ్యాకరణము సమ్మతింపదు.

తాత్పర్యము: వాక్యమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును వలయునని శాస్త్రము. ఇందు యోగ్యత గారెలయందును, సన్నిధి పళ్లెమునందును, ఆకాంక్ష వడ్డించువారియందును గలవు. అతిథియం దేదియు లేకున్నను వాక్యార్థము సిద్ధించుచున్నది. ఆతని ప్రత్యుత్తరమునకును వ్యాఖ్య వలయును. “చాలు” అని యొకమాఱన్న మొగమాటము; “చాలు చాలు” అన్న సగము సమ్మతి; రెండు చేతులు ఆకుకు అడ్డువెట్టి ముందునకు వంగినచో నిక్కమైన నిషేధము. మా పినతల్లిగారు ఈ మూడింటిని చూపుతోనే వేఱుచేసెడివారు. వేళ్ల సందునుండియైనను గారె జాఱవిడువగల నేర్పుండియు, మూడవదానికడ ఆమె చేయి వెనుకకు తీసెడివారు. కనుకనే ఆ యింటినుండి మఱల పిలుపు వచ్చినచో రానివాడు లేడు.

పాఠాంతరము: “మొగమాటపడకండి, మీరే పెట్టుకోండి” అని ఈనాటి బఫేలలో వినవచ్చునది ప్రక్షిప్తము. ఒక చేత పళ్లెమును, ఒక చేత గ్లాసును పట్టి నిలుచున్నవాడు దేనిని అడ్డువెట్టును?

విశేషము: ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింట, జడివానలనాడు వండు ఇల్లాలి కంటికి పొగ సోకకుండ పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టించిన శ్రీకృష్ణదేవరాయలకు వంటింటిలోనికి తొంగిచూచు కన్ను గలదు. ఆ కన్ను అరువు తెచ్చుకొని చూచినచో, “ఏమీ తినలేదు” అనునది లక్షణతో పనిలేక వాచ్యార్థమున ఒక్కరికే చెల్లును. పంక్తులు లేచి, తాంబూలములు ముగిసి, మూడుగంటలు దాటిన పిదప ఆమె వంటింట పీట వాల్చుకొని, గిన్నె నడుగంటిన అన్నములో ఆవకాయ కలుపుకొని, మిగిలిన గారెను విఱుచుచుండగా, వాకిటి వాలుకుర్చీలోనుండి గృహస్థుని ప్రశ్న వినవచ్చును: “ఇంకొక్కటి యున్నదా?”